ష్చెచిన్ నుంచి మా గూటికి

జులై 12, ఆదివారం

ఎవాల్డ్ ష్వెదా దొంగ. పావురాల క్లబ్బు కార్యదర్శి, రబ్బరు ముద్రల చక్రవర్తి, నేను పుట్టినప్పటి నుంచీ మామయ్యా అని పిలిచిన ఎవాల్డ్ ష్వెదా ఈ సాయంత్రం ఆరున్నరకి, ముప్ఫై మంది కళ్ళెదుట, మా తాత తెయోఫిల్ బుయోచెక్ చేతిలోంచి మొదటి స్థానం లాక్కున్నాడు. ఈ వాక్యం కింద గీత గీశాను. పెన్సిల్ ముక్కు విరిగింది. ఇంకోటి తెచ్చుకున్నాను.

జరిగింది జరిగినట్టు రాయాలి. కోపంతో రాసిన ఫిర్యాదుని ఆఫీసుల్లో చెత్తబుట్టలో వేస్తారని కార్మిక సంఘం కరపత్రంలో చదివాను.

పొద్దున సరిగ్గా ఆరింటికి రేవు పట్నం ష్చెచిన్‌లో లారీ తలుపులు తీసి మా ఊరి పందెం పావురాలను వదిలారు. పన్నెండు కాకముందే నేనూ తాతా తోటలో గూటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పందెం రోజు తాత మాట్లాడడు. మెడ పైకెత్తి గని మట్టిదిబ్బ మీదుగా ఆకాశంలోకి చూస్తూ ఉంటాడు, అంతే. పన్నెండు దాటి పన్నెండు నిమిషాలకి దిబ్బ మీద ఒక చుక్క. చుక్కకి రెక్కలొచ్చాయి. బరోంకా! నేను కుర్చీ ఎక్కి అరిచాను. ఎవరైనా అరుస్తారు. నాలుగు వందల అరవై చిల్లర కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పిట్ట అది. మరి ఆ పిట్ట గూట్లోకి దిగకుండా కప్పు మీద వాలి, నన్నేదో కొత్తరకం జంతువుని చూసినట్టు చూస్తూ దగ్గర దగ్గర అరనిమిషం కూర్చుంది. (నేను అరిచినందుకు కాదు. రేకు కప్పు వేడికి.) తాత గింజల డబ్బా ఆడించాడు. అప్పుడు దిగింది. కాలికున్న రబ్బరు ఉంగరం తీసి, క్లబ్బు సీలు వేసిచ్చిన పందెం గడియారంలో వేసి, సమయం పడేలా మీట నొక్కాడు. 12 గంటల 12 నిమిషాల 55 సెకన్లు.

గెరార్డ్ చిహోన్ బాబాయి పావురం అయిదు సెకన్ల ముందు వచ్చింది. అంతమాత్రాన గెలిచినట్టు కాదు. ఒక్కో గూటికి ష్చెచిన్ నుంచి ఒక్కో దూరం. దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే నిమిషానికి ఎన్ని మీటర్లో తేలుతుంది. ఎవరిది ఎక్కువైతే వాళ్ళది గెలుపు. క్లబ్బులో గడియారాల సీళ్ళు విప్పి, ష్వెదా కళ్ళజోడు తుడుచుకుని, పెన్సిల్ నాలికకి అద్దుకుని లెక్క కట్టాడు.

చిహోన్: 1250.21.
బుయోచెక్: 1250.09.

పన్నెండు సెంటీమీటర్లు! నిమిషానికి నా జానెడు కూడా కాదు.

దొంగతనం ఎక్కడంటే, రిజిస్టరులో మా దూరం 466,180 మీటర్లు. అది పాత ఇంటి దూరం. ఆ ఇల్లు ఇప్పుడు లేనే లేదు. అడుగున బొగ్గు తవ్వీ తవ్వీ నేల కుంగి గోడలు చీలాయి, రెండేళ్ళ కింద కూల్చేశారు. మమ్మల్ని కొత్త బ్లాకులో నాలుగో అంతస్తుకి ఎక్కించారు. గూడు రైలు పట్టాల అవతల, కూరగాయల తోటలోకి పోయింది. పాత ఇంటి నుంచి తోటకి నడిస్తే ఇరవై నిమిషాలు. ష్చెచిన్ రైలు తూర్పు నుంచి, స్టేషన్ వైపు నుంచి వస్తుంది. మా తోట ఊరికి పడమటి కొస. అంటే మా పావురం ఊరంతా దాటుకుని ఇంకో కిలోమీటరు పైన ఎగరాలి. ఆ కిలోమీటరు ఏ రిజిస్టరులో ఉంది? అది కలిపితే మాది 1252.77. నేను మూడుసార్లు భాగించి చూశాను.

తాతతో అదే చెప్పాను. "పదవే, ఆకలేస్తోంది," అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు. తరతరాలుగా అణగదొక్కితే మనిషి ఇలాగే తయారవుతాడు. దోచుకున్నాక కూడా ఈల వేస్తాడు.

జులై 13, సోమవారం

ట్రాం స్టాపులో పోస్టరు అంటించాను. "పావురం అబద్ధమాడదు. రిజిస్టరు ఆడుతుంది. ఎవాల్డ్ ష్వెదా, మా కిలోమీటరు ఎక్కడ?" ఎర్ర సిరా. కింద పేరు పెట్టలేదు. ఉద్యమాలకి పేర్లుండవు.

అమ్మ ట్రాం దిగి వచ్చి, "నువ్వు వేసిన పోస్టరు ఒక మూల ఊడిపోతోంది, మైదా పలచనైనట్టుంది," అంది.

జులై 14, మంగళవారం

షిఫ్టు దిగి వస్తుంటే ష్వెదా స్టాపులో కూర్చుని ఉన్నాడు. ఇక నుంచి మామయ్య లేడు, ష్వెదా గారే. పోస్టరు ఊడదీసి నీటుగా నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇది నీదేనా?"

"ప్రజలది."

"ప్రజల చేతిరాత అచ్చం నీదిలాగే ఉందే. కూర్చో."

"నిలబడే మాట్లాడతాను."

"సరే, నిలబడు. నన్ను దొంగ అన్నావు. పర్లేదు, మా ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా అంటోంది. కానీ ఆ దూరం జోలికి పోకమ్మా. వచ్చే ఏడు ఎలాగూ అన్ని గూళ్ళూ మళ్ళీ కొలిపిద్దామనుకుంటున్నాం. అప్పటిదాకా ఊరుకో."

"బెదిరిస్తున్నారా?"

"బతిమాలుతున్నాను."

బతిమాలుతున్నాడట! అధికారంలో ఉన్నవాడు బతిమాలితే నేల కదులుతోందని అర్థం. ఆ మాట పైకే అన్నాను. "మన ఊళ్ళో నేల ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది," అని లేచి ట్రాం ఎక్కాడు. పోస్టరు నా చేతిలో పెట్టి మరీ ఎక్కాడు.

ఇంటికి రాగానే మళ్ళీ అంటించాను. ఈసారి మైదా చిక్కగా.

జులై 15, బుధవారం

గొప్ప రోజు. నేను పని చేసేది గని దీపాల గదిలో. దిగేవాళ్ళందరూ నా కిటికీ ముందు వరసలో నిలబడి దీపం తీసుకోవాల్సిందే. ఇంతకంటే మంచి వేదిక ఏ నాయకుడికైనా దొరికిందా? దీపంతోపాటు కాగితం కూడా ముందుకి తోశాను. "ఊళ్ళోని పావురాల గూళ్ళన్నిటికీ ష్చెచిన్ నుంచి దూరం వెంటనే కొత్తగా కొలవాలని కోరుతూ" అని పైన.

"సంతకం పెడితేనే దీపమా?"

"దీపం మీ హక్కు. సంతకం మీ మనస్సాక్షి."

"నా మనస్సాక్షి ఇంకో అయిదు నిమిషాల్లో ఆరొందల మీటర్ల కిందికి దిగాలి. తొందరగా ఇవ్వు తల్లీ."

"నాకు పావురాల్లేవు, కుందేళ్ళున్నాయి. పెట్టొచ్చా?"

"న్యాయం అందరిదీ. పెట్టండి."

వెనక నుంచి ఎవరో, "బ్రిగిదా, పోయిన వారం మాంసం రేషను కార్డుల మీద సంతకం, ఈ వారం పావురాల మీద! వచ్చే వారం దేని మీదో ఇప్పుడే చెప్పు, రెండూ కలిపి పెట్టేస్తా," అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే పెట్టారు. వరస తలుపు దాకా పోయిందని ఫోర్‌మన్ నా మీద కేకలు వేశాడు. నేనూ వేశాను.

జులై 16, గురువారం

ఇరవై మూడు సంతకాలు. ఒకటి "బరోంకా" అని ఉంది. పిట్టలకి ఓటు లేదు కాబట్టి కొట్టేశాను. కొట్టేశాక మనసు చివుక్కుమంది.

జులై 17, శుక్రవారం

తాతతో గొడవ.

గూడు కడుగుతూ చల్లగా మొదలుపెట్టాడు. "ఆ కాగితం ఆపెయ్యవే."

"ఇరవై రెండు మంది సంతకం పెట్టారు తాతా."

"ఇరవై రెండు మందికీ బుద్ధి లేదు."

"నీ కోసం!"

"నేనడిగానా? రెండో స్థానం వచ్చింది. నిక్షేపంగా ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళవాడికి రెండో స్థానం చాలు."

"చాలు, చాలు, చాలు! ఈ దేశం ఇలా ఏడవడానికి నీ 'చాలే' కారణం. నీలాంటివాళ్ళు చాలనుకుంటూ కూర్చున్నారు కాబట్టే ష్వెదాలు ముద్రలు గుద్దుతున్నారు."

తాత చీపురు గోడకి ఆనించాడు. "ఎవాల్డ్‌ని ఇంకో మాటన్నావంటే బరోంకాని సూప్ చేసేస్తా. నీకే గిన్నెలో పోస్తా."

బరోంకా ఆయన భుజం మీదే కూర్చుని చెవి పొడుస్తోంది. ఎవరూ సూప్ చెయ్యరని దానికీ తెలుసు.

తలుపు ధడాలున వేసి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళి, గట్టిగా పడిందేమో, పావురాలు బెదిరాయేమోనని చూసి వచ్చాను. బెదరలేదు. తాత గింజల బస్తా మీద కూర్చుని ఉన్నాడు, ఊరికే. నన్ను చూడలేదు.

కరపత్రాల్లో దీని గురించి కూడా ఉంది: పీడితుడే ముందు పీడకుడి తరఫున మాట్లాడతాడు.

జులై 18, శనివారం

ష్చెచిన్ నుంచి కొత్త కరపత్రాలు వచ్చాయి, ఓడల రేవువాళ్ళు అచ్చువేసినవి. రైల్లో తొమ్మిది గంటలు. పావురానికి ఆరు గంటల పన్నెండు నిమిషాలు. మంచివన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఎప్పటికైనా వెళ్ళాలి.

జులై 19, ఆదివారం

పూజ అయ్యాక చర్చి ముందు పావురాలవాళ్ళంతా గుమిగూడారు. నేను మెట్టెక్కాను. గొంతు బాగా పలికింది.

మధ్యలో గెరార్డ్ బాబాయి ముందుకి వచ్చాడు. మొదటి స్థానం కొట్టేసిన మనిషి. తిడతాడనుకుని రెండు జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన చెయ్యి చాపాడు.

"పెన్నివ్వు."

"ఎందుకు?"

"సంతకం పెడతా. పన్నెండు సెంటీమీటర్లతో గెలిస్తే నాకు మాత్రం తృప్తా? తెయోఫిల్ మామదే గెలుపైతే నేనే ఆయన మెడలో దండ వేస్తా."

పెట్టాడు. ఆయన వెనక పదిమంది పెట్టారు. ష్వెదా టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "గని సర్వే ఆఫీసు నుంచి కాగితం తీసుకొస్తే కొలుస్తాం," అన్నాడు చివరికి. గొంతులో పస లేదు.

గెలిచాం! దాదాపు.

పక్కకి చూశాను. తాత లేడు. నా ఉపన్యాసం సగంలోనే తోటకి వెళ్ళిపోయాడని అమ్మ చెప్పింది. ముసలివాళ్ళకి సంతోషం కూడా మోయలేనంత బరువవుతుందేమో. అంతే అయ్యుంటుంది.

మధ్యాహ్నం క్లబ్బు నియమాల పుస్తకం తెచ్చుకుని చదివాను. పద్నాలుగో నియమం బ్రహ్మాండం: "తప్పుడు దూరం మీద పందెం ఎగరేసినట్టు తేలితే సభ్యత్వం శాశ్వతంగా రద్దు." ఎర్ర గీత గీశాను. ఎవరి మీద ఎలా వాడాలో తర్వాత చూడాలి.

జులై 20, సోమవారం

రాయాలి. రాయకపోతే డైరీ ఎందుకు.

షిఫ్టయ్యాక సర్వే గదికి వెళ్ళాను. ఒతీలియా అక్క ఒక్కతే ఉంది. ఏ ఇల్లు ఎంత కుంగిందో, ఏ గోడ ఎటు జరిగిందో లెక్క రాసేది ఆవిడే. ఊళ్ళో ప్రతి కోళ్ళగూడూ ఆవిడ పటంలో ఉంటుంది. బల్లంత పటం పరిచింది.

"మీ పాత ఇల్లు ఇదిగో. తోటలో మీ మడి, నలభై ఒకటో నంబరు, ఇదిగో. మధ్యలో రైలు పట్టాలు. ఇప్పుడు చెప్పు, ఎంత కావాలి?"

"ష్చెచిన్ నుంచి ఎంత ఎక్కువో కావాలి."

"ఎక్కువా?" స్కేలు పక్కన పెట్టింది. "ష్చెచిన్ ఎటుందో చూపించు."

కిటికీలోంచి స్టేషన్ వైపు చెయ్యి చూపించాను.

ఒతీలియా అక్క నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు ఎత్తింది. లాభం లేకపోయింది. "అటు క్రాకోవ్ తల్లీ! రైలు కాతోవీత్సే చుట్టూ తిరిగొచ్చి అటు నుంచి ఊళ్ళోకి దూరుతుంది. పిట్ట పట్టాల మీద రాదుగా? ష్చెచిన్ ఇటు." గోడ వైపు తిరిగి వేలు పెట్టింది. గోడ అవతల మట్టిదిబ్బ. దిబ్బకి ఇవతల, అన్నిటికంటే ముందు, మా తోట.

ఆవిడే కొలిచింది. నేను స్కేలు ముట్టుకోలేదు. తోటలో గూటికి దూరం 465,030 మీటర్లు. రిజిస్టరులో ఉన్నదాని కంటే పదకొండు వందల యాభై మీటర్లు తక్కువ.

తక్కువ.

భాగించాను. 1247.01. రెండో స్థానం కాదు. నాలుగు.

రెండేళ్ళ నుంచీ ప్రతి పందెంలోనూ ఎగరని కిలోమీటరు మా ఖాతాలో పడుతోంది. "కాగితం మీద ముద్ర వేసివ్వనా?" అంది ఒతీలియా అక్క. రేపొస్తానని చెప్పి బయటికొచ్చాను.

పద్నాలుగో నియమం. గీత గీసింది నేనే.

జులై 21, మంగళవారం

వాన.

జులై 22, బుధవారం

సెలవు. ప్రశాంతంగా ఆలోచించాను.

ఒకటి: పటాలు పాతవి కావచ్చు. నేల కుంగుతున్న ఊరు కదా. (పదకొండు వందల మీటర్లు కుంగదు. తెలుసు.)

రెండు: ఇది ఉద్యమ క్రమశిక్షణకి సంబంధించిన విషయం. ప్రతి నిజాన్నీ ప్రతి వారమూ చెప్పనక్కర్లేదు. సమయం చూసి చెప్పాలి. వచ్చే ఏడు అన్ని గూళ్ళూ కొలుస్తామని ష్వెదా అన్నాడుగా. అప్పటిదాకా ఊరుకుంటే...

ఇది ష్వెదా మాట. నా పెన్సిల్‌తో రాశాను. కొట్టెయ్యను, ఉండనీ.

మూడు: చెబితే తాత క్లబ్బులో ఉండడు. యాభై ఒక్క ఏళ్ళు. అమ్మ పుట్టకముందు నుంచి. ఆయన గోడ మీద క్యాలెండరు కూడా పందేల తేదీలది. ఆదివారం పూట పందెం గడియారం లేకుండా ఆ మనిషి ఏం చేస్తాడు?

నాలుగు లేదు.

జులై 23, గురువారం

ముప్ఫై ఎనిమిది సంతకాలు. కాగితం దాచేస్తే గోడ మీద సుద్దతో పెట్టి పోతున్నారు. "సర్వే కాగితం వచ్చిందా బ్రిగిదా? తాతకి దండ ఎప్పుడు?" పొద్దున్నించీ ఇదే. దీపాలు ఇచ్చి పంపాను. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఫోర్‌మన్ వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

జులై 24, శుక్రవారం

సాయంత్రం తోటకి వెళ్ళాను. తాత పావురాలకి నీళ్ళు మారుస్తున్నాడు.

"మ్యాపు చూశావు కదూ?" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

"ఒతీలియా అక్క చెప్పిందా?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు రోజులుగా నువ్వు ఎవర్నీ తిట్టలేదు. నీకు జ్వరమన్నా రావాలి, నిజమన్నా తెలియాలి. నుదురు చల్లగానే ఉంది."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి పందెం నుంచే. పాత ఇంట్లో దిబ్బ మీద చుక్క కనబడ్డాక గూట్లోకి రావడానికి నిమిషం పైన పట్టేది. చుట్ట ఆర్పి, చేతులు తుడుచుకునే టైముండేది. ఇక్కడ? కుర్చీలోంచి లేచేలోపు నెత్తి మీద ఉంటోంది."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఏదో ఒకటి అరవాలని ఉంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే వెళ్ళా. ఇల్లు కూల్చారు, ఆ చలికాలమే మీ అమ్మమ్మ పోయింది. ఎవాల్డ్ దగ్గరికెళ్ళి, దూరం మార్చాలి, అసలు పావురాలే అమ్మేస్తా, పేరు కొట్టెయ్యి అన్నా. వాడు రిజిస్టరు మూసేశాడు. ఏమీ మార్చొద్దు, ఏమీ అమ్మొద్దు, ఈ ఒక్క ఏడాదీ ఎగరనీ, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ ఒక్క ఏడాది రెండైంది. వాడు గుర్తుచెయ్యడు, నేను గుర్తుచెయ్యను. ఎదురుపడితే వాతావరణం మాట్లాడుకుంటాం."

"దొంగ అని రాశాను తాతా. ఎర్ర సిరాతో."

"చదివా. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి."

తాత నీళ్ళ గిన్నె కింద పెట్టాడు. తర్వాత గింజల బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక పొట్లం తీశాడు. పాత దినపత్రికలో గాజు కూజా. మీద పావురం బొమ్మ, పోయిన ఏడాది తారీఖు. ష్చెచిన్ పందెం, మొదటి స్థానం.

"నిజానికి ఇది అప్పుడు రెండో స్థానం వచ్చిన గెరార్డ్‌ది. ఇంట్లో అద్దాల బీరువాలో ఒక్కరోజు పెట్టా. అన్నం తింటుంటే నన్నే చూస్తోంది. ఇక్కడికి తెచ్చేశా." కూజా మీది దుమ్ము చొక్కాతో తుడిచాడు. "ఈసారి కూడా మొదటి స్థానం వస్తుందేమోనని ఎంత భయపడ్డానో తెలుసా? దిబ్బ మీద చుక్క చూడగానే, అయిపోయింది రా దేవుడా, ఇంకో కూజా అనుకున్నా. ఇంతలో నువ్వు కుర్చీ ఎక్కి కేక పెట్టావు. అది కప్పు మీదే బిగుసుకుపోయింది. ఆ అరనిమిషానికి నీకు దణ్ణం పెట్టాలే పిల్లా."

నేను అరిచినందుకే. రాసేస్తున్నాను. నేను అరిచినందుకే.

ఏడుస్తూ నవ్వాను. తాత కూడా నవ్వాడు. ఆయన పళ్ళు మూడున్నాయి, మూడూ కనబడ్డాయి.

"పద్నాలుగో నియమం ఉంది," అన్నాను.

"ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నా."

"తీసేస్తారు."

"తియ్యనీ. చేతులెత్తి తియ్యనీ, నా మొహం చూస్తూ. అది నాకు న్యాయమే. కానీ రిజిస్టరు వెనక దాక్కుని ఇంకో ఏడాది నేనుండలేను. నువ్వు కూడా ఉండలేవు, నీ మొహం చూస్తే తెలుస్తోంది." కూజా నా ఒళ్ళో పెట్టాడు. "నీకు పోస్టర్లు రాయడం వచ్చుగా. రాయి."

జులై 25, శనివారం

పొద్దున ముందు ఎవాల్డ్ మామయ్య ఇంటికి వెళ్ళాను. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. దారంతా క్షమాపణ కంఠస్థం చేశాను, గుమ్మంలో మొత్తం మరిచిపోయాను.

"మామయ్యా, మీరు దొంగ కాదు."

"మా ఆవిడకి చెప్పవే, నేను చెబితే నమ్మదు." ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. తాత చెప్పింది చెప్పాను, పోస్టరు గురించి చెప్పాను. చొక్కా మడత పెట్టి పక్కన పెట్టాడు. "నా పేరు కూడా వెయ్యి. రిజిస్టరు మూసింది నేనే. ముసలాయన్ని ఒక్కణ్ణి నిలబెట్టకు."

"మీ పదవి పోతుంది."

"పోతే ఆదివారాలు నిద్రపోతా." తర్వాత నవ్వకుండా అన్నాడు, "తెయోఫిల్‌ని ఉంచమని నేను అడగకూడదు. అడిగే హక్కు లేదు. ఎవరైనా అడిగితే బాగుండు."

అక్కడి నుంచి ఒతీలియా అక్క దగ్గరికి. కాగితం మీద ముద్ర వేసిచ్చింది. రేపు కొలత సామాను తనే మోసుకొస్తానంది.

కరపత్రాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను, ఇలాంటి సందర్భానికి ఏదైనా వాక్యం దొరుకుతుందేమోనని. మనవాళ్ళే తప్పు చేస్తే ఎలా చెప్పాలో ఒక్కదాన్లోనూ లేదు. నా అంతట నేనే రాయాల్సి వచ్చింది. తాత పక్కన కూర్చుని చెప్పాడు, నేను రాశాను. రెండు చోట్ల దెబ్బలాడుకున్నాం. ఆయన "ముసలి వెధవ" అని వేయించబోయాడు, నేను ఒప్పుకోలేదు. నేను "చారిత్రక" అని వెయ్యబోయాను, ఆయన ఒప్పుకోలేదు. నల్ల సిరా. కింద పేర్లున్నాయి, ఈసారి మూడు. ట్రాం స్టాపులో ఒకటి, చర్చి గేటుకి ఒకటి, దీపాల గది కిటికీకి ఒకటి అంటించి వచ్చాను. ఇక్కడ కూడా ఎత్తి రాసి పెడుతున్నాను:

పావురాలు పెంచేవాళ్ళందరికీ.

తెయోఫిల్ బుయోచెక్ గూటికి ష్చెచిన్ నుంచి దూరం రిజిస్టరులో ఉన్నదాని కంటే పదకొండు వందల యాభై మీటర్లు తక్కువ. ఆయనకి రెండేళ్ళుగా తెలుసు. ఎవాల్డ్ ష్వెదాకి తెలుసు. బ్రిగిదాకి సోమవారం నుంచి తెలుసు, నాలుగు రోజులు దాచింది. ఈ పన్నెండో తారీఖు పందెంలో మా స్థానం నాలుగు. పోయిన ఏడాది కూజా గెరార్డ్ చిహోన్‌ది.

ఎవాల్డ్ ష్వెదా దొంగ అని రాసిన చెయ్యే ఇది రాస్తోంది: కాదు.

పాత దూరాలన్నీ తప్పే అయ్యుండొచ్చు. అందుకే అందరి గూళ్ళూ కొలుద్దాం, ముందు మాది. కొలిచాక పద్నాలుగో నియమం గట్టిగా చదువుతాం. తర్వాత తెయోఫిల్ బుయోచెక్ ఉండాలో, వెళ్ళాలో మీరు చేతులెత్తి చెప్పండి. ఆయన గూటి ముందే నిలబడి ఉంటాడు. ఉంచమని ఆయన అడగడు. నేను అడుగుతాను.

తోట, నలభై ఒకటో నంబరు గేటు. రేపు, ఆదివారం, సాయంత్రం సరిగ్గా నాలుగింటికి. సంతకం పెట్టిన ముప్ఫై ఎనిమిది మందీ రండి. పెట్టనివాళ్ళు ముందు రండి.